షావ్‌చెంగ్ రాసిన పంక్తులు

"ఆ పేరు తీసెయ్. కావాలంటే నీ పేరు పెట్టుకో."

త్యెన్‌సోంగ్ తలెత్తకుండానే అన్నాడు. చేతిలో పెర్సిమన్ పండు తిరుగుతూనే ఉంది. తొక్క తెగకుండా పొడుగ్గా జారి బుట్టలో పడుతూనే ఉంది. నిన్న సాయంత్రం నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది.

రుయ్‌షిన్ పక్కనే పీట మీద కూర్చుని తనూ తొక్క తీస్తోంది. మామగారు నోరు విప్పినందుకు సంతోషించాలో, విప్పి ఆ మాట అన్నందుకు ఏడవాలో ఆమెకు తెలియలేదు.

"అలా కుదరదు మామయ్యా."

"ఎందుకు కుదరదు? దిద్దేది నువ్వే, పంపేది నువ్వే."

"దిద్దేది నేనే. కానీ మొదట రాసింది ఆయన. ఏ మార్పు వల్ల ఆ లోపం వచ్చిందో, అది ఎవరు చేశారో చెప్పి తీరాలి. అక్కడి పద్ధతి అది."

"పద్ధతట!" తొక్క తీసిన పండును వెదురు పళ్లెంలో పెట్టాడు. పెట్టడంలో మాత్రం కోపం లేదు. అంత కోపంలోనూ ఆయన చెయ్యి పండు దగ్గర మెత్తగానే ఉంటుంది. "చచ్చిపోయినవాడి మీద నేరం రాసే పద్ధతి ఎక్కడిదమ్మా?"

రుయ్‌షిన్ ఇంకో పండు అందుకుంది.

ఆ ఉదయం త్యెన్‌సోంగ్ పూర్వీకుల పీఠం ముందు అగరుబత్తులు వెలిగించలేదు. కొడుకు పోయిన ఈ రెండేళ్లలో అలా ఎన్నడూ జరగలేదు. రోజూ లేవగానే వెలిగించి, ఆ పొగలో నిలబడి ముందురోజు సంగతులన్నీ కొడుక్కి చెప్పుకునేవాడు. గాలి ఎటు తిరిగింది, పళ్లు ఎంతవరకు ఎండాయి, తైపే నుంచి ఫొటోలు తీసుకోవడానికి వచ్చిన పిల్లలు ఎన్ని పళ్లేలు తొక్కేశారు, అన్నీ. ఇవాళ మొహం చెల్లనివాడిలా పీఠం వైపు చూడకుండా పెరట్లోకి వెళ్లిపోయాడు. అత్తగారు మాన్‌మెయ్ తాను వెలిగించబోతే, చెయ్యి అడ్డం పెట్టాడట.

ఎవరికి మొహం చెల్లలేదు? కొడుక్కి తండ్రి దగ్గరా, తండ్రికి కొడుకు దగ్గరా?

షిన్‌పూ ఊళ్లో ఆ వేళకి గాలి మొదలైంది. ఈశాన్యం నుంచి పొడిగా, వదలకుండా వీచే గాలి. తొక్క తీసిన పళ్లు ఎండేది దానికే కాబట్టి, ఆ గాలి కోసమే ఇక్కడివాళ్లు ఏడాదంతా ఎదురు చూస్తారు. పెరడంతా నారింజ రంగు పళ్లేలు పరుచుకుని ఉన్నాయి. పండ్లు కొనడానికి వచ్చినవాళ్లకి త్యెన్‌సోంగ్ ఇన్నేళ్లూ ఒకటే మాట చెప్పేవాడు. "ఈ లోకంలో కంప్యూటర్లు ఎన్ని ఉన్నాయో, వాటిల్లో చాలావాటి కడుపులో మా షావ్‌చెంగ్ రాసింది ఉందండీ." వాళ్లకి అర్థమయ్యేది కాదు. అయినా తల ఊపేవాళ్లు. ఇంకో పెట్టె కొనేవాళ్లు.

ఇప్పుడు ఆ రాతలోనే లోపం ఉందని కోడలు కనిపెట్టింది.

గేటు చప్పుడైంది. స్కూటరు ఆపి, హెల్మెట్ చేత్తో పట్టుకుని యాజెన్ లోపలికొచ్చింది. ఆ ఇంటి ఆడపడుచు. జూబెయ్‌లో హైస్కూలు పిల్లలకి ఇంగ్లీషు చెబుతుంది. ఆ ఇంగ్లీషే కొంప ముంచింది. నిన్న వదిన వంటింటి వెనక నిలబడి ఆ రాతకి బాధ్యుడైన, సెందాయ్‌లో ఉన్న ఒనోదెరాతో ఫోన్లో మాట్లాడుతుంటే విన్నది. విన్నది విన్నట్టు తీసుకెళ్లి తండ్రికి చెప్పింది.

"నాన్న తిన్నాడా?" అంది యాజెన్, ఎవరినీ చూడకుండా.

"తినలేదు," అంది రుయ్‌షిన్.

"నిన్ను అడగలేదు వదినా."

"ఇక్కడ ఇంకెవరున్నారు చెప్పడానికి? ఆయన చెప్పడు కదా."

యాజెన్ హెల్మెట్‌ని గట్టు మీద పెట్టింది. "దిద్దాక కనిపెట్టినవాళ్ల పేరు కూడా వేస్తారటగా?"

"వేస్తారు."

"అంటే తప్పు దగ్గర మా అన్నయ్య పేరు. తెలివి దగ్గర నీ పేరు. బాగుంది. లోకమంతా చదువుతుంది. మీ ఆఫీసులో సన్మానం చేస్తారేమో."

"యాజెన్!" త్యెన్‌సోంగ్ అరిచాడు.

"ఏం, నేనన్నదాంట్లో తప్పేముంది? నువ్వు రాత్రంతా కుమిలింది దానికి కాదా? ఎన్నివేలమంది చదివుంటారు ఆ కాగితం... కాగితం కాదు, అదేదో! ఒక్కళ్ల కంటికీ ఆనలేదు. కట్టుకున్న పెళ్లానికే ఆనాలా?"

రుయ్‌షిన్ చేతిలో కత్తి ఆగింది.

ఆ ప్రశ్నకి జవాబు ఆమె దగ్గర ఉంది. ఎవరికీ చెప్పుకోలేదంతే.

మిగతావాళ్లు పోయినవాళ్ల ఫొటోలు తీసి చూసుకుంటారు. తనూ ప్రోగ్రామరే అయిన ఆమె, ఆఫీసులో మధ్యాహ్నం అందరూ భోజనానికి లేచాక షావ్‌చెంగ్ రాసిన ఆ ఫైలు తెరుచుకునేది. పని కోసం కాదు. అతను రాసేది మాట్లాడినట్టే ఉండేది. కంప్యూటర్‌కి ఇచ్చే ఆజ్ఞల మధ్య, చదివేవాళ్ల కోసం, మామూలు మాటల్లో రాసుకున్న వ్యాఖ్యలు. "ఇది ఇలా ఎందుకు చేశానో రేపు నాకే గుర్తుండదు, అందుకని చెబుతున్నా." "ఇక్కడ తొందరపడకండి, నేను పడి దెబ్బ తిన్నాను." చదువుతుంటే గొంతు వినిపించేది. ముక్కుతో కొంచెం నవ్వుతూ మాట్లాడే ఆ గొంతు. ఫోన్లో దాచుకున్న పాత మాటలన్నీ విని విని అరిగిపోయాయి. ఈ రాత మాత్రం అరగలేదు.

అలా చదివి చదివి ఆమెకు ప్రతి పంక్తీ నోటికొచ్చేసింది. నోటికొచ్చిన పాటలో అపస్వరం వినబడినట్టు, పోయిన వారం ఒక చోట ఆగిపోయింది. మళ్లీ చదివింది. తప్పు అక్కడే ఉంది.

ఇంకెవరూ ఆ పంక్తుల్ని అన్నిసార్లు చదవరు. చదవాల్సిన అవసరం ఎవరికుంది? ప్రేమ లేనివాళ్లెవరికీ అది కనిపించదు. ఈ మాట యాజెన్‌తో ఎలా అనడం?

"కంటికి ఆనింది, ఏం చెయ్యను," అని మాత్రం అంది.

యాజెన్ ఆమె వంక చూసింది. ఇంకేదో అనబోయింది. వదిన మొహంలో ఏం కనిపించిందో, అనకుండా పళ్లేలు తిప్పడానికి వెళ్లిపోయింది.

*

వంటింట్లో మాన్‌మెయ్ ఊరేసిన ఆవకూర తరుగుతోంది. పక్కన పొయ్యి మీద నీళ్లు మరుగుతున్నాయి. కోడలు రావడం చూసి, కుర్చీ కాలితో ఇటు జరిపింది.

"కూర్చో. నాకు సరిగ్గా చెప్పు. మీ మామయ్య ఒకటి చెబుతాడు, యాజెన్ ఒకటి చెబుతుంది. వాడు చేసిందేంటి అసలు?"

రుయ్‌షిన్ కుర్చీలో కూర్చుంది.

"కంప్యూటర్లో మనకి కనిపించే బొమ్మలూ అక్షరాలూ అన్నిటికీ అడుగున కెర్నెల్ అని ఒకటుంటుంది అత్తయ్యా. పని చేసుకునే ప్రతిదానికీ చోటు పంచిపెట్టేది అదే. పనైపోతే ఆ చోటు వెనక్కి తీసుకుని ఇంకొకళ్లకి ఇస్తుంది."

"ఊఁ."

"మన పెరట్లో ఒక పళ్లెం ఖాళీ అయిందనుకోండి. మీరు దాన్ని పక్కింటివాళ్లకి ఇచ్చేశారు. వాళ్లు తమ పళ్లు పరుచుకున్నారు. ఇచ్చేసిన సంగతి మనింట్లో ఒకడికి తెలియదు. వాడు మామూలుగా వెళ్లి, అది మనదే అనుకుని, అందులో పళ్లు తిప్పేస్తాడు, తీసేస్తాడు, వేరేవి పెట్టేస్తాడు."

మాన్‌మెయ్ తరగడం ఆపింది. "వాడు చిన్నప్పుడు అచ్చంగా అదే చేశాడు! లీ వాళ్ల పళ్లేల్లోంచి సగమెండిన పళ్లు తినేసి, 'మనవే కదమ్మా' అన్నాడు." నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ జబ్బతో కళ్లు తుడుచుకుంది. "అయితే ఇప్పుడు తినేదెవరు?"

"దొంగలు. ఆ దారి తెలిసినవాడు కంప్యూటర్ మొత్తాన్ని తన చేతుల్లోకి తీసుకోవచ్చు. అందులో ఎవరి వివరాలున్నా చూడొచ్చు, ఆపెయ్యొచ్చు. అందుకే దిద్దేదాకా ఎవరికీ చెప్పకూడదు. బుధవారం దిద్దుబాటు బయటపెడతారు."

"నిన్న యాజెన్ మా అందరికీ చెప్పిందిగా."

"మీరెవరికి చెబుతారులెండి."

"పళ్లకి చెబుతాను," అంది మాన్‌మెయ్. మళ్లీ తరగడం మొదలుపెట్టింది. తర్వాత గొంతు తగ్గించి అడిగింది. "దిద్దితే, వాడు రాసిందేమవుతుంది?"

రుయ్‌షిన్ ఈ ప్రశ్న కోసమే భయపడుతోంది. "ఆ భాగం తీసేస్తాం. దాని బదులు కొత్తది ఉంటుంది."

"నీ రాత?"

"నా రాత."

"మొత్తం పోతుందా?"

"మొత్తం కాదత్తయ్యా. ఆ ఒక్కచోటే. కానీ..." ఆ ఒక్కచోటే అతను మిగతా అన్నిచోట్లకంటే ఎక్కువ మాట్లాడాడు. ఆమెకు బాగా ఇష్టమైన పంక్తులు అవే.

నీళ్లు పొంగి పొయ్యి మీద పడ్డాయి. మాన్‌మెయ్ మంట తగ్గించి, తడి చేతులు తుడుచుకుని కోడలి ఎదురుగా కూర్చుంది.

"తీసేసే ముందు ఒకసారి చదివి వినిపించు."

"మీకు అర్థం కాదేమో అత్తయ్యా."

"వాడు మాట్లాడేది నాకెప్పుడర్థమైంది? అయినా వినేదాన్నిగా."

రుయ్‌షిన్ కంప్యూటర్ తెచ్చింది. బల్ల మీద ఆవకూర ముక్కల్ని పక్కకి జరిపి, తెరిచింది. ఆజ్ఞల్ని వదిలేసి, మధ్యలో అతను రాసుకున్న మాటల్ని ఇంట్లో మాట్లాడుకునే హక్కా భాషలోకి మార్చుకుంటూ మెల్లగా చదివింది.

"'ఇక్కడ చోటు వెనక్కి ఇస్తున్నాం. ఇచ్చేముందు ఇంకెవరైనా పట్టుకుని ఉన్నారేమో చూడండి. నేను చూశాను, ఎవరూ లేరు.'"

"ఊఁ."

"'ఈ కింది వరస చూస్తే వంకరగా ఉంటుంది. నిజమే. సూటిగా రాస్తే నెమ్మదిగా నడుస్తోంది. మా నాన్న పళ్లు ఒత్తినట్టు, గట్టిగా ఒత్తితే చితుకుతుంది, ఒత్తకపోతే మెత్తబడదు.'"

మాన్‌మెయ్ రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుంది. "వాళ్ల నాన్న సంగతి రాశాడా? అందరూ చదివేదాంట్లో?"

"రాశాడు."

"ఇంకా చదువు."

"'ఇంతకంటే మంచి దారి మీకు తోస్తే మొహమాటపడకండి, ఇది తీసేసి అది పెట్టండి. నేనేం అనుకోను.'"

అక్కడ ఆమె చదవడం ఆపింది. ఇన్నిసార్లు చదివినా ఆ మాటని ఎప్పుడూ పైకి అనలేదు. మనసులో చదువుకున్నప్పుడు అతను ఎవరికో చెబుతున్నట్టుండేది. పైకి అనేసరికి తనకే చెబుతున్నట్టయింది.

పెరటి తలుపు దగ్గర నీడ కదిలింది. త్యెన్‌సోంగ్ ఖాళీ పళ్లెం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పటినుంచి నిలబడ్డాడో! వాళ్లు చూడగానే, దేనికోసమో వచ్చి మర్చిపోయినవాడిలా వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు.

"విన్నాడు," అంది మాన్‌మెయ్.

"వింటే మంచిదే కదా?"

"ఏమో. నాకు మాత్రం మంచిదే."

*

భోజనాలకి కూర్చుంటుండగా ఒనోదెరా ఫోను చేశాడు.

ఒనోదెరా ఆ కెర్నెల్‌లో చోటు పంచిపెట్టే భాగం బాధ్యత మోసే పెద్దాయన. షావ్‌చెంగ్ రాతని మొట్టమొదట మెచ్చుకుని లోపలికి తీసుకున్నదీ ఆయనే. ఎప్పుడూ వాతావరణం అడిగాక గాని అసలు మాటకి రాడు. ఇవాళ అడగలేదు.

"రుయ్‌షిన్ గారూ, మనకంటే ముందే ఎవరో ఈ దారి కనిపెట్టారు. ఇవాళ పొద్దున ఒక ఆస్పత్రి యంత్రాలన్నీ వాళ్ల చేతుల్లోకి పోయాయి. ఎక్కడన్నది నేను చెప్పకూడదు. ఆపరేషన్లు ఆపి, రోగుల్ని వేరే ఊళ్లకి తరలిస్తున్నారు."

రుయ్‌షిన్ లేచి పెరట్లోకి నడిచి, గాలి హోరులో వినబడక ఫోను స్పీకర్లో పెట్టింది. "బుధవారం దాకా ఆగలేమా?"

"ఆగలేం. ఇప్పుడే పంపాలి. మీ సవరణ నేను చూశాను, బాగుంది. చివరి వరస ఒక్కటే ఖాళీగా వదిలారు."

ఆమె పళ్లేల దాకా వెళ్లి నిలబడింది.

"ఎందుకు వదిలారో అడగను," అన్నాడాయన. గొంతు మెత్తబడింది. "అలాగే పంపినా నేను తీసుకుంటాను. ఎవరైనా అడిగితే జవాబు నేను చెప్పుకుంటాను. షావ్‌చెంగ్ నాకూ కావలసినవాడే."

గాలికి పళ్లేల మీద కప్పిన వల రెపరెపలాడుతోంది. ఆమె ఆ వలనే చూస్తూ అడిగింది. "ఆ వరస లేకపోతే ఏమవుతుంది? నాకు తెలుసు. అయినా మీరు చెప్పండి."

"పాత రకం కెర్నెల్ నడిపేవాళ్లు లక్షలమంది ఉన్నారు. ఏ మార్పుతో లోపం మొదలైందో ఆ వరస చూసే, ఇది తమకీ కావాలో అక్కర్లేదో తేల్చుకుంటారు. లేకపోతే..." ఆగాడు. "కొందరికి తెలియదు. తెలియనివాళ్లు అలాగే ఉండిపోతారు."

ఫోను పెట్టేసి తిరిగేసరికి త్యెన్‌సోంగ్ ఎదురుగా ఉన్నాడు. వెనకాల యాజెన్. భాష అర్థమైనది యాజెన్‌కే; వింటూ తండ్రి చెవిలో చెబుతూ వచ్చింది. ఆమె మొహం పాలిపోయి ఉంది.

"నాన్నా, ఎక్కడో ఆస్పత్రి..." అంది. మాట పూర్తి చెయ్యలేదు.

"ఇప్పుడే పంపాలి మామయ్యా," అంది రుయ్‌షిన్.

"పేరుతోనా?"

"పేరుతోనే."

"ఆయన అక్కర్లేదన్నాడటగా. లేకపోయినా తీసుకుంటానన్నాడటగా."

"అన్నాడు. కానీ అలా పంపితే అది కొంతమందికి చేరదు."

"ఎవరు వాళ్లు? మనకేమవుతారు?"

"ఏమీ కారు."

త్యెన్‌సోంగ్ దవడ బిగించాడు. "వాడుంటే వాడే జవాబు చెప్పుకునేవాడు. నిజమే, పొరపాటైంది అనేవాడు, నవ్వేసేవాడు. వాడు లేడు. పదిమందిలో నిలబెట్టి వేలు చూపిస్తే, వాడు నోరెత్తి ఒక్కమాట చెప్పుకోలేడు. అది నీకు తెలియట్లేదా అమ్మాయ్?"

"తెలుస్తోంది మామయ్యా. నాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు." ఆమె ఒక అడుగు ముందుకేసింది. "ఆయనుంటే ఆ వరస ఖాళీగా వదిలేవాడా? మీరే చెప్పండి. మీరు పెంచారు. వదిలేవాడా?"

యాజెన్ తల దించుకుని వల అంచు సరిచేస్తూ ఉండిపోయింది. లోపల్నుంచి మాన్‌మెయ్ అన్నం చల్లారిపోతోందని పిలిచింది.

చివరికి త్యెన్‌సోంగ్ పళ్లేల వైపు తిరిగాడు. ఔననలేదు, కాదనలేదు. వంగి ఒక పండు తీసుకుని రెండు బొటనవేళ్లతో ఒత్తడం మొదలుపెట్టాడు.

రుయ్‌షిన్ లోపలికెళ్లి బల్ల ముందు కూర్చుంది. ఖాళీ వరసలో అతని పేరు టైపు చేసింది. పెంగ్ షావ్‌చెంగ్. దాని కిందే ఆమె పేరు. రెండూ ఒకదాని కింద ఒకటి. వాళ్లిద్దరి పేర్లూ అలా కలిపి అచ్చులో కనబడింది పెళ్లి పిలుపులో ఒక్కసారే. ఆ తర్వాత ఆస్పత్రి కాగితాల్లోనూ, అంత్యక్రియల కాగితాల్లోనూ వేరువేరు గళ్లలో పడ్డాయి. యాజెన్ అన్నది నిజమే, ఇది లోకమంతా చదువుతుంది. చదవనీ. ఎవరు చదివినా ఈ రెండు పేర్లూ కలిపే చదవాలి.

ఆ ఆలోచనకి ఆమెకు సిగ్గేసింది. ఎక్కడో రోగుల్ని మంచాలతో సహా తరలిస్తుంటే తను పేర్లు చూసుకుని మురుస్తోంది. పంపేసింది.

వెనక ఎవరో నిలబడ్డారు. యాజెన్. చేతిలో ఆవకూర వేసిన బియ్యపు నూడుల్స్ గిన్నె.

"తిను వదినా," అంది. గిన్నె బల్ల మీద పెట్టి, కాసేపు అక్కడే నిలబడింది. "ఇందాక అమ్మకి చదివావటగా. రేపు నాకూ చదువు. తీసేశాక కూడా నీ దగ్గర ఉంటుందిగా?"

"ఉంటుంది. పాతవన్నీ దాచి ఉంచుతారు. కానీ ఇంక అవి నడవవు."

"నడవడమంటే?"

రుయ్‌షిన్ గిన్నెని దగ్గరికి జరుపుకుంది. "ఇప్పటిదాకా ఎక్కడ ఏ కంప్యూటర్ పనిచేస్తున్నా, ఆ పంక్తులు ప్రతి క్షణం నడుస్తూనే ఉన్నాయి. ఆయన పోయాక కూడా. ఇంక ఒక్కోచోటే ఆగిపోతూ వస్తాయి."

యాజెన్ ఆమె భుజం మీద చెయ్యి వేసి, వెంటనే తీసేసింది.

*

పొద్దు వాలుతుండగా పళ్లేలు లోపలికి మోసే వేళయింది. ఒనోదెరా నుంచి రెండు ముక్కల జవాబు వచ్చింది: అందింది, బయటపెట్టాం. ఆస్పత్రి సంగతి ఇంకా ఏమీ తెలియదన్నాడు.

రుయ్‌షిన్ చివరి పళ్లెం ఎత్తబోతుంటే త్యెన్‌సోంగ్ రెండో అంచు పట్టుకున్నాడు. ఇద్దరూ మోసుకుని కొట్టంలోకి తెచ్చారు. దింపాక ఆయన కదల్లేదు. ప్యాంటుకి చేతులు తుడుచుకుని, చొక్కా జేబులోంచి తన ఫోను తీశాడు. గాజు మూల పగిలి, అంటించిన టేపుతో ఉన్న పాత ఫోను.

"దీన్లోనూ ఉందా? వాడు రాసింది."

"ఉంది మామయ్యా."

"పొద్దున పంపావుగా. పోయిందా మరి?"

"మధ్యాహ్నం పంపాను. ఫోన్లదాకా రావడానికి ఇంకా కొన్ని వారాలు పడుతుంది."

"వారాలా..." ఆయన మొహంలో ఏదో సడలింది. "అప్పటిదాకా ఉంటుందన్నమాట. నడుస్తూ."

"ఉంటుంది."

"వచ్చినప్పుడు నన్ను అడుగుతుందా? మొన్నొకసారి అడిగింది, కొత్తది పెట్టమంటావా అని. పెట్టమన్నాను అప్పుడు. ఏం తెలుసు?" ఫోను మీద దుమ్ముని బొటనవేలితో తుడిచాడు, పండుని ఒత్తినంత మెత్తగా. "ఈసారి వద్దని నొక్కితే?"

కూడదని చెప్పాలి, దొంగలకి దారి తెరిచే ఉంటుందని చెప్పాలి. ఎందుకు కూడదో ఈ ఇంట్లో ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలియదు. మధ్యాహ్నం పేరు కోసం ఆయన ముందు నిలబడి వాదించిన మనిషి ఆమే.

"మామయ్యా..." అంది.

ఆయన ఎదురు చూశాడు. గాలి కొట్టం తలుపుని నెమ్మదిగా తోసి, మళ్లీ వదిలింది.

ఆమె నోట తర్వాతి మాట రాలేదు.

త్యెన్‌సోంగ్ ఇంకొంచెం సేపు చూసి, ఫోనుని చొక్కా జేబులో పెట్టుకుని, పైనుంచి బొత్తాం పెట్టుకున్నాడు.